ఆ రోజు వంట ఆలస్యమైంది

కరుణాకుమారి టీచరమ్మకు ఏడాదికి మూడే నెలలు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. బ్యాంకువాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీని బీరువాలో చీరల మధ్య పడుకోబెట్టి, ఈశాన్యం నుంచి వానమబ్బు లేవగానే బయటికి తీస్తుంది. తక్కిన తొమ్మిది నెలల పేజీలూ తెల్లగానే ఉండిపోతాయి. ఎందుకంటే వాళ్ల చర్చిలో స్త్రీల సమాజానికి పేదల మీద ప్రేమ పుట్టుకొచ్చేది ఆ మూడు నెలల్లోనే. ఎండాకాలంలో పేదలు ఎక్కడికి పోతారో ఎవరికీ తెలియదు.

సమాజం వాళ్ల పద్ధతి ఒకటే. పొద్దున విహారం, మధ్యాహ్నం విందు, సాయంత్రం దానం. కోడూరు సముద్రం దగ్గర ఆటలు, తిరిగొచ్చే దారిలో ఏదో పాలెంలో దుప్పట్లు. వాకాడు వైపు పడవ షికారు, ఆ తర్వాత విధవరాళ్లకు చీరలు. వెంకటాచలం దగ్గర మామిడితోటలో బిర్యానీ, చీకటి పడకముందే వృద్ధాశ్రమంలో తలా రెండు అరటిపండ్లు. దానానికి పోతూ దారిలో విహరించారో, విహారానికి పోతూ దారిలో దానం చేశారో ఆ దేవుడికే తెలియాలి. టీచరమ్మ డైరీలో మాత్రం రెండూ ఒకే వాక్యంలో ఒదిగిపోయేవి. చివర ‘దేవునికి స్తోత్రం’ అని రాసి చుక్క పెట్టేది.

ముప్పై మూడేళ్లు బడిలో పిల్లల తప్పులు దిద్దిన చెయ్యి అది. రిటైరయ్యాక దిద్దడానికి పిల్లలు లేక ఊళ్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలు దిద్దడం మొదలుపెట్టింది. ఫలానా ఏడు కోతపండుగ ఏ ఆదివారం వచ్చింది, బల్ల మీది గుడ్డ ఎవరిచ్చారు, తుపాను ఏడాది బియ్యం ఎన్ని ఇళ్లకు పంచారు, ఏ తగాదా వచ్చినా టీచరమ్మ డైరీ తెరవాల్సిందే. పాస్టరు మాథ్యూ అయ్యగారు సైతం చర్చి రిజిస్టరు పక్కనపెట్టి ఆమెనే అడిగేవాడు. రూఫస్ అని పాటలకు డోలక్ వాయించే ఆయన ఒకసారి, మైకు సెట్టు తానే ఇచ్చానని నలుగురిలో చెప్పుకున్నాడు. టీచరమ్మ డైరీ తిరగేసి, ఇందులో లేదు కాబట్టి అది జరగలేదు అని తేల్చేసింది. పాపం ఆయన రెండు నెలలు చర్చి గడప తొక్కలేదు. మైకు ఫిబ్రవరిలో ఇచ్చాడనీ, ఫిబ్రవరిలో తాను డైరీ రాయదనీ ఆమెకు తర్వాత గుర్తొచ్చింది. గుర్తొచ్చిన సంగతి ఎవరికీ చెప్పలేదు. దిద్దేవాళ్ల తప్పు దిద్దేదెవరు?

ఈ ఏడు సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున ఎస్తేరమ్మ ఆమె ఇంటికి వచ్చింది. స్త్రీల సమాజం విహారాలకు తొమ్మిదేళ్లుగా వంట చేసిన మనిషి. నోట్లో నాలుక లేనిది. ఏడాదిగా చర్చిలో కనబడలేదు, ఎందుకు కనబడలేదని ఎవరూ అడగలేదు. కిందటి నవంబరు నుంచి సమాజం వాళ్లు హోటల్ పార్సిళ్లకు మారారు, అంతే. ఆమె చేతికర్ర మీద ఒరిగి, కుడికాలు మోకాలి దగ్గర వంచుకుని, మునివేళ్ల మీద కుంటుతూ మెట్లెక్కుతుంటే టీచరమ్మ చూస్తూ నిలబడింది. ఆ కాలు చాపడానికి రాదు. వెనక చర్మం ముడుచుకుపోయి, తోలు తాడులాగా బిగిసి ఉంది.

సంగతి ఇది. కిందటి అక్టోబరు రెండో శనివారం, కోడూరు బీచ్ దగ్గర ఇసకలో ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టారు. గంజి వార్చే వేళకు ఇసక కుంగి పొయ్యి ఒరిగింది. మరిగే నీళ్లు తొడ నుంచి పిక్క దాకా ఆమె కాలి మీద పడ్డాయి. మొదట పసరు కట్టించుకుంది, తర్వాత పెద్దాసుపత్రికి పోయింది. చర్మం తీసి అతకాలి, ఇక్కడ కాదన్నారు. తమిళనాడులో ఒక మిషన్ ఆసుపత్రి ఉందట. చర్చి పని చేస్తూ దెబ్బ తగిలినవాళ్లకు, ఆ చర్చివాళ్లు ఉత్తరం రాసిస్తే, ఊరికే ఆపరేషన్ చేస్తారట. ఆ ఉత్తరం కోసం సమాజం అధ్యక్షురాలు క్యాథరిన్ దగ్గరికి మూడుసార్లు తిరిగింది. ఇంట్లో కాల్చుకుని మా మీదికి తెస్తావా అని క్యాథరిన్ అన్నదట.

"నాకు డబ్బులొద్దు టీచరమ్మా. ఆ దినం జరిగింది జరిగినట్టు ఒక కాయితం మీద రాసిస్తే చాలు. మీ డైరీలో ఉంటది గదా," అంది ఎస్తేరమ్మ.

టీచరమ్మకు ఆ మాట చెవిలో తేనె పోసినట్టుంది. డైరీ తెరవకుండానే మాటిచ్చేసింది.

"ఎందుకుండదు? నువ్వు దిగులు పడబాక. శనివారం మీటింగులో నేనే చదువుతాను."

ఎస్తేరమ్మ మెట్లు దిగి వెళ్లాక బీరువా తీసింది. కిందటేటి డైరీలో ఆ శనివారం పేజీ చక్కటి గుండ్రటి అక్షరాలతో నిండుగా ఉంది.

‘కోడూరు. ఎండ, చల్లగాలి. హాజరు ముప్పై ఒకరు. కుర్చీలాటలో డెబోరా గెలిచింది. వంట గంట ఆలస్యమైంది. సాయంత్రం పాలెంలో నలభై దుప్పట్లు పంచాము. క్యాథరిన్ గారి ప్రార్థనకు అందరికీ కన్నీళ్లు వచ్చాయి. దేవునికి స్తోత్రం.’

మళ్లీ చదివింది. పేజీ తిప్పి వెనక చూసింది. ఏమీ లేదు. వంట గంట ఆలస్యమైంది. గంట అని అంత కచ్చితంగా తనకెలా తెలిసింది? అప్పుడు గుర్తొచ్చింది, మరిచిపోవాలన్నా ఇక పోనంత స్పష్టంగా. ఆ రోజు కుర్చీలాటకు విజిల్ తన చేతిలోనే ఉంది. పొయ్యి వైపు నుంచి కేక వినబడితే పాట ఆపించి తనే వెళ్లింది. ఎస్తేరమ్మ ఇసకలో కూలబడి, ఊడిపోతున్న చర్మం మీద ఎవరో ఇచ్చిన టూత్‌పేస్టు రాసుకుంటోంది. తను దగ్గరగా వంగి, ఇంక ఎంతసేపవుతుంది అని అడిగింది. కాలు సంగతి కాదు, బిర్యానీ సంగతి. గంట పడుతుంది టీచరమ్మా అని ఎస్తేరమ్మ పళ్ల బిగువున చెప్పింది. తను తిరిగి వచ్చి విజిల్ ఊదింది. ఆ కాలితోనే ఎస్తేరమ్మ లేచి వండింది, ముప్పై ఒక్కమందికి వడ్డించింది. ఆ తర్వాత మిగతావాళ్లు దుప్పట్లు పంచడానికి పోతూ, ఆమెను గిన్నెలతో సహా ఆటోలో ఎక్కించి ఇంటికి పంపారు.

టీచరమ్మ మంచం మీద కూర్చుండిపోయింది. అప్పటికీ ఆశ చావక, ఎస్తేరమ్మ పేరైనా ఎక్కడో ఉంటుందని పాత డైరీలు కూడా కిందికి దింపింది. కిందటేటిదాంతో కలిపి తొమ్మిది డైరీలు. వంట బాగుంది. వంట చాలా బాగుంది. వంట పరవాలేదు. తొమ్మిదేళ్లూ ఆ వంట తనంతట తానే ఉడికినట్టుంది, వండిన మనిషి పేరు ఒక్క పేజీలోనూ లేదు. దుప్పటి పుచ్చుకున్న ముసలివాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. వాళ్ల పక్కన నిలబడి ఫొటో దిగిన కుక్కపిల్ల ముచ్చట కూడా ఉంది.

కిందటేటి పేజీలో స్తోత్రం కింద రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి. అదే పెన్ను, అదే సిరా. ఒక వాక్యం చాలు, ఎవరూ పోల్చుకోలేరు. పెన్ను మూత తీసింది. ఒక్క అక్షరం అటూ ఇటూ చేసి ఎరగనని ఊరంతా చెప్పుకున్న గొప్ప అడ్డం వచ్చింది. డైరీలో లేకపోతేనేం, నోరుంది కదా, నోటితోనే చెబుతాననుకుని మూత పెట్టేసింది. నిజం చెప్పడానికి అబద్ధం రాయడమెందుకని తనకు తానే సర్దిచెప్పుకుంది. మంచి మాటే. మంచి మాటలకు ఆమెకెప్పుడూ కరువు లేదు.

శనివారం చర్చి వెనక హాల్లో మీటింగు. కుర్చీల్లో సమాజం సభ్యులు, బల్ల దగ్గర మాథ్యూ అయ్యగారు, ఆయన పక్కన క్యాథరిన్. ఆమె భర్త రాజ్ కుమార్‌కు తోటపల్లి గూడూరులో రొయ్యల గుంటలున్నాయి. డిసెంబరులో చర్చి కమిటీ ఎన్నికల్లో పెద్ద పదవికి నిలబడుతున్నాడు. ఇలాంటప్పుడు, మా విహారంలో వంటమనిషి కాలు కాలింది, మేము ఆటలాడుకుంటూ ఉండిపోయాము అని ఆయన భార్య సంతకం పెట్టి ఇస్తుందా? ఎస్తేరమ్మ గుమ్మం దగ్గర చాప మీద, చాపలేని కాలు పక్కకు పెట్టుకుని కూర్చుంది. టీచరమ్మను చూసి నమ్మకంగా తలాడించింది.

క్యాథరిన్ డైరీ చదవమంది. టీచరమ్మ చదివింది.  అయిపోయాక తలెత్తి హాలంతా చూసింది. ఆ రోజు కేక విన్నవాళ్లే అందరూ. డెబోరా ఫోను చూసుకుంటోంది.

టీచరమ్మ డైరీ మూసి, ఇందులో రాయలేదుగానీ కాలిన మాట నిజమే, నాకు గుర్తుంది అంది. క్యాథరిన్‌కు కోపం రాలేదు. కోపమొచ్చినా బాగుండేది. మెత్తగా నవ్వింది.

"అక్కా, డైరీలో లేకపోతే జరగనట్టే అని మీరే గదా చెప్పేది. రూఫస్ అన్నకు ఒక న్యాయం, ఈమెకు ఒక న్యాయమా?"

తను తీసిన గోతిలో తనే పడింది. అయినా, అది వేరు ఇది వేరు, నేను కళ్లారా చూశాను అని గొణిగింది టీచరమ్మ.

"చూసినారా? చూసి ఏం చేసినారక్కా?" అని అడిగింది క్యాథరిన్.

ఒక్క ప్రశ్న. జవాబు కూడా ఒక్కటే. దగ్గరికి పోయి, బిర్యానీ ఎంతసేపవుతుందని అడిగాను. ఆ మాట అంటే ఉత్తరం వచ్చేది, క్యాథరిన్ ఆ తర్వాత కాదనలేకపోయేది. ఎస్తేరమ్మ కాలు చాపుకునేది.  ఎదురుగా ముప్పై మంది, అందులో సగం మంది తమ పిల్లలకు టీచరమ్మ దగ్గరే అక్షరాలు దిద్దించినవాళ్లు. వాళ్ల కళ్లలో తను ఏమైపోతుందో ఆమెకు కనబడింది. గుమ్మం వైపు చూడకుండా జవాబు చెప్పింది.

"నేను దూరంగా ఉన్నాను. సరిగ్గా కనబడలేదు."

మాథ్యూ అయ్యగారి పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆయన గొంతు సవరించుకుని మధ్యేమార్గం చెప్పాడు. రుజువు లేదు కనుక ఉత్తరం వద్దు, కానీ సోదరి కష్టంలో ఉన్నమాట మనం కాదనకూడదు, ఈ ఏడు సహాయం పుచ్చుకునేవాళ్ల జాబితాలో ఆమె పేరు చేర్చుదాం అన్నాడు. హాలంతా ఊపిరి పీల్చుకుంది. అందరికీ ఒక్కసారిగా ఎస్తేరమ్మ మీద ఎంత జాలి పుట్టుకొచ్చిందో చెప్పలేం. ఎవరో పాత చీర ఇస్తామన్నారు, ఎవరో ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటామన్నారు. ఎస్తేరమ్మ చేతికర్ర కోసం తడుముకుని, గోడ పట్టుకుని లేచి వెళ్లిపోయింది. టీచరమ్మ లేచి సాయం పట్టలేదు, ఎలా పట్టగలదు?

అక్టోబరులో వాయుగుండం పట్టి విహారం మానుకున్నారు. దానం మాత్రం చర్చి ఆవరణలోనే రేకుల పందిరి కింద పెట్టారు. బ్యానరు మీద క్యాథరిన్, రాజ్ కుమార్ ఫొటోలు, వాటికంటే చిన్నగా శిలువ. పందిరి చివర బల్ల వేసుకుని టీచరమ్మ కూర్చుంది. ప్రతి ఏడూ ఆమె పనే అది. దుప్పటి, బియ్యం సంచి పుచ్చుకున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పేరు చెబితే ఆమె డైరీలో రాసుకుని వేలిముద్ర వేయించుకోవాలి.

ఆమె ఆ రోజు తల ఎత్తలేదు. ఎత్తితే వరసలో ఎవరు కనబడతారో తెలుసు. పేరు, పేరు అని అడుగుతూ, చెప్పింది రాసుకుంటూ పోయింది. మైకులో క్యాథరిన్ గొంతు కెమెరా వైపు చూడమంటోంది. ఇంకొంచెం ఇటు, ఆ కర్ర కనబడకుండా అంటోంది. తర్వాత తడినేల మీద కర్ర చప్పుడు దగ్గరికొచ్చింది. బల్ల ముందు ఆగింది. వంగిన మోకాలు, నేలకు ఆనీ ఆనని మునివేళ్లు టీచరమ్మకు కనబడుతూనే ఉన్నాయి. మనిషిని పలకరించాలి, క్షమించమనాలి, ఏదో ఒకటి అనాలి. అలవాటు పడ్డ నోరు మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

"పేరు?" అంది.

ఎస్తేరమ్మ దుప్పటి చంకలో సర్దుకుంది. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"తొమ్మిదేండ్లు మీకు వండిపెట్టినాను టీచరమ్మా. మీకు తెలిసింది రాసుకోండి. వంటమనిషి అని మాత్రం రాయబాకండి, ఈ పొద్దు నేను అడుక్కునే దానికి వచ్చినాను."

బల్ల మీదికి బొటనవేలు చాపింది. టీచరమ్మ ఆ వేలికి సిరా అద్ది, పేజీ మీద ఒత్తించి, పక్కన ఎప్పటిలాగే గుండ్రంగా రాసింది. పదిహేడు. ఎస్తేరమ్మ. దుప్పటి ఒకటి, బియ్యం ఒక సంచి.