ఎడమకాలి పని

విశాఖపట్నంలో డాక్టరమ్మగారి కారు తోలినన్నాళ్లూ కుసుమకుమారి ఎడమకాలికి పనే లేదు. అది గేర్లు మార్చక్కర్లేని బండి. కుడికాలు ఒక్కటి చాలు. ఇప్పుడు ఉద్దానంలో, సరుగుడు తోటల మధ్య ఇసక బాటలో, తమ్ముడి పికప్ ఎక్కాక ఆ ఎడమకాలే ఆమె పరువు తీస్తోంది.

బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"క్లచ్చి టపీమని ఒగ్గీకప్పా! మెల్లగా ఒగ్గు. బండి ఎక్కడ అందుకుంటాదో కాలికే తెలుస్తాది," అన్నాడు పక్కన కూర్చున్న తమ్ముడు ఎల్లాజీ.

"నా కాలికి ఏటీ తెలట్నేదురా."

"తెలుస్తాది. మళ్లీ స్టార్ట్ సెయ్యి."

పోయిన నెలలో వాడే ఫోన్ చేశాడు. ఉద్యోగం మానేసి వచ్చేయమన్నాడు. ఎందుకని అడిగితే, "బండి నువ్వు కూడా తోలాల, అంతే," అన్నాడు. మొగుడు పోయి, పిల్లలు లేక, పట్నంలో ఒక గదిలో ఒంటరిగా ఉంటున్న కుసుమ పెద్దగా ఆలోచించకుండానే బట్టలు సర్దుకుంది. వచ్చిన మర్నాటి నుంచే పాఠం మొదలుపెట్టాడు. ఎవరో తరుముతున్నట్టు నేర్పుతున్నాడు.

ఊళ్లో అలల దాకా దిగగలిగిన బండి అదొక్కటే. మిగతావన్నీ తారు రోడ్డు చివరే ఆగిపోతాయి. పడవల్లోంచి చేపల పెట్టెలు ఎక్కించుకుని పలాస మార్కెట్టుకి చేర్చడం ఎల్లాజీ పని.

"ఈ సిన్న కర్ర లాగితే నాలుగు సక్రాలూ తిరుగుతాయి. ఇంకా లాగితే 'లో' పడతాది. అప్పుడు బండి పరిగెట్టదు, పాకుతాది. బలం మాత్రం రెట్టింపవుద్ది. ఇంటన్నావా? ఇసకలో మాత్రం గేరు మార్చకు. మార్చేలోపే కూరుకుపోద్ది. ఏ గేరులో కదిలావో ఆ గేరులోనే గట్టెక్కాల."

మధ్యాహ్నం తల్లి మరిడమ్మ చేపల పులుసు వడ్డించింది. ఎల్లాజీ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కంచం పక్కకు నెట్టేశాడు.

"నీసు వాసనేస్తంది," అన్నాడు.

కుసుమ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచీ చేపల మధ్య బతికిన మనిషి నీసు వాసనంటున్నాడు. తండ్రి కూడా ఆఖరి ఏడు సరిగ్గా ఈ మాటే అనేవాడు. ఆమె తల్లి వైపు చూసింది. మరిడమ్మ తల ఎత్తకుండా కొడుకు కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ ఊళ్లో ఇంటింటా ఉన్న జబ్బే అది. ఇంట్లో దాని పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

అరుగు మీద ఎల్లాజీ చెప్పులు విప్పాడు. ఉబ్బిన రెండు పాదాల మీదా చెప్పు పట్టీల గాడి లోతుగా పడి, ఎంతసేపటికీ పోలేదు. కుసుమ దాన్నే చూస్తోందని గమనించి వాడు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"ఒరే, టెస్టు సేయించావేటి?"

"రా అప్పా, రివర్స్ నేర్సుకుందుగాని," అంటూ లేచిపోయాడు.

మూడో వారం ఒక పొద్దున సముద్రం తీరు మారింది. తుఫాను కబురేమీ లేదు కానీ తూర్పున ఆకాశం బూడిద రంగులో ఉంది, ఒక్కో అల ముందుదానికంటే పైకి వస్తోంది. పడవలు తొందరగా తిరిగొచ్చేశాయి. ఆ రోజు ఎల్లాజీ కుసుమకి స్టీరింగ్ ఇవ్వలేదు. "సముద్రం పోటు మీదున్నాది. నాను తోల్తాను, నువ్వు పక్కన కూకో," అన్నాడు.

పెట్టెలన్నీ ఎక్కాయి. ఎల్లాజీ గేరు వేశాడు. క్లచ్చి మీద నుంచి కాలు ఒక్కసారిగా జారిపోయింది. బండి ముందుకు ఎగిరి పడి, వెనక చక్రాలు తడి ఇసకలో దిగబడ్డాయి. వాడు ఇంజను రెచ్చగొట్టిన కొద్దీ గొయ్యి లోతయింది. ఒక అల వచ్చి చక్రాల కింద ఇసకను తోడుకుపోయింది.

"ఆపరా ఎల్లాజీ! ఇంకా దిగిపోతంది!" అని బయట నుంచి పడవ యజమాని గంగులు అరిచాడు.

ఎల్లాజీ మొహం పాలిపోయింది. నోటితో గాలి పీలుస్తున్నాడు. "కాలు మొద్దుబారిపోయిందప్పా," అన్నాడు సన్నగా. "కాలి కింద క్లచ్చి ఉన్నాదో నేదో తెలట్నేదు."

కుసుమ దిగి చుట్టూ తిరిగి వచ్చి, వాణ్ని చంకల కింద పట్టుకుని పక్క సీట్లోకి జరిపింది. గంగులు మనుషులు పెట్టెలు దించేశారు, చక్రాల్లో గాలి తగ్గించారు. ఆమె చిన్న కర్ర లాగి 'లో' వేసింది, రెండో గేరు వేసింది. తలుపు దాకా ఇంకో అల వచ్చి కొట్టింది. అది వెనక్కి పోయేలోపు ఆమె ఎడమకాలు మెల్లమెల్లగా పైకి లేపింది. ఒకచోట అరికాలి కింద సన్నగా అదురు తగిలింది. ఇంజను మూలిగింది. బండి ఆగిపోలేదు. అంగుళం పాకింది, ఇంకో అంగుళం పాకింది. గేరు మార్చాలని చెయ్యి తహతహలాడినా స్టీరింగ్ వదల్లేదు. ఒక్కసారిగా ఇసక పట్టు విడిచింది. బండి పొడి ఇసక మీదికి వచ్చి పడింది.

వెనక జనం కేకలు వేస్తున్నారు. కుసుమ ఆపలేదు. చక్రాల్లో గాలి నింపించడానికి ఒక్క చోట ఆగి, నేరుగా పలాస దారి పట్టింది.

"మార్కెట్టు సందు దాటిపోయావు," అన్నాడు ఎల్లాజీ కళ్లు తెరిచి.

"మార్కెట్టుకి కాదు."

వాడు జీడితోటల వైపు మొహం తిప్పుకున్నాడు.

"యేసవిలోనే సెప్పారప్పా. రక్తం కడిగే మెషీను మీద పెట్టాలన్నారు. వారానికి రెండుసార్లు. ఆ రోజుల్లో బండెవులు తోల్తారు? అందుకే నిన్ను పిలిసాను."

"ఆ ముక్క ఫోన్లోనే సెప్తే సచ్చిపోదువా?"

"సెప్తే ఏడుసుకుంటా వస్తావు. ఏడుసుకుంటా గేర్లు ఎవులు నేర్సుకుంటారు?"

ఆస్పత్రి ముందు ఉద్దానం ఊళ్ల ఆటోలు బారులు తీరి ఉన్నాయి. ఎల్లాజీని లోపలికి తీసుకుపోయి, ఆ పూటే మెషీను పెట్టి, అక్కడే ఉంచేశారు. డాక్టరు కాగితాలు చూస్తూ అడిగాడు: "ఈ కిడ్నీ జబ్బు మీ నాన్నగారికీ ఉండేదా?" కుసుమ తలూపింది. "అయితే మీరూ రక్తం ఇచ్చి వెళ్లండి."

ఆమె చెయ్యి చాపింది. ఫలితం వచ్చేదాకా బల్ల మీద కూర్చుంది. పక్కన ఎవరి కాళ్ల వైపూ చూడకూడదనుకుంది, కానీ చూపు అక్కడికే పోయింది.

పొద్దు వాలకముందే ఊరు చేరింది. మరిడమ్మ రోడ్డు మీదే నిలబడి ఉంది. బండిలో కొడుకు లేడని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏటన్నారే?"

"బాగానే ఉన్నాడమ్మా. మెషీను పెట్టారు. రేపు నాను ఎల్లి తీసుకొస్తాను."

"నీకూ సూసారా?"

"సూసారు. ఇప్పటికేటీ నేదన్నారు."

మరిడమ్మ కూతురి మొహంలోకి చూసింది.

"మీ నాన్నకీ మొదటేడు అలాగే అన్నారే," అంది.

కుసుమ మళ్లీ బండి స్టార్ట్ చేసింది. దించేసిన పెట్టెలను గంగులు ఐసులో పెట్టి ఉంచాడు. చీకటి పడేలోపు అవి మార్కెట్టుకి చేరాలి. ఎడమకాలు క్లచ్చి మీద పెట్టి, గేరు వేసి, ఆమె బండిని సముద్రం వైపు తిప్పింది.