ఊరికే కూర్చోబెట్టారు

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ మైకత్త అంటారు. ఆ బిరుదు ఊరికే రాలేదు. తన కుట్టు దుకాణంలోంచి ఆవిడ "దారం అయిపోయిందే!" అని అరిచిందంటే, వీధి చివర మందుల షాపువాడు కూడా తన జేబు తడుముకుంటాడు. ఆ గొంతులో సగం అల్లుడి మీదే ఖర్చయింది. అల్లుడిది పక్కనే సెలూన్. రెండు దుకాణాలకీ మధ్య ఒక్క చెక్క గోడ.

"సెలూన్ పెట్టుకున్నవాడికి కత్తెర కన్నా ముందు నోరు ఆడాలి. మా అల్లుడుగారికి దేవుడు నోరు అన్నం తినడానికే ఇచ్చాడు" అని ఆవిడ గోల. అబద్ధమేం కాదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆయన అనే మాటలు రెండే. కుర్చీ దులిపి "కూర్చోండి" అంటాడు. గుడ్డ దులిపి "అయిపోయింది, లేవండి" అంటాడు. ఆ రెంటి మధ్యా కత్తెరే మాట్లాడుతుంది.

అలాంటి నోట్లో నాలుక లేని మనిషిని పోలీసులు పట్టుకెళ్లారు. గడ్డం సగమే గీసి ఉన్న మనిషి కుర్చీలో సబ్బు నురగతో అలాగే ఉండిపోయాడు. సంగతేమిటంటే, ఏదో గోదాము తగలబడిన కేసులో వాళ్లు వెతుకుతున్న గుబురు మీసాలవాడు ఈయన దగ్గర నున్నగా మీసం తీయించుకుని మాయమయ్యాడట. వాడెవడో, ఎటు పోయాడో ఈయన చెప్పాలట. మీసం తియ్యమన్నవాణ్ణి ఊరూ పేరూ అడిగే అలవాటు లోకంలో ఎవరికుంది? ఈయనకైతే అసలే లేదు.

కూతురు ఏడుస్తూ వచ్చి చెప్పగానే మైకత్త మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి స్టేషనుకి పరిగెత్తింది. గుమ్మంలో కానిస్టేబులు ఎంతో మర్యాదగా చెప్పాడు.

"కంగారు పడకమ్మా. అరెస్టేం కాదు. ఊరికే కూర్చోబెట్టాం."

ఆ మాటతో ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కానిస్టేబులుకి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. వీధి మలుపు తిరుగుతూనే, "మా అల్లుణ్ణి అరెస్టు చెయ్యలేదర్రా! ఊరికే కూర్చోబెట్టారంతే!" అని చాటింపు వేసింది. మందుల షాపువాడు హమ్మయ్య అన్నాడు. కూతురు కళ్లు తుడుచుకుంది. అరెస్టంటే పరువు పోయే మాట. కూర్చోబెట్టడమంటే చుట్టాలకి చేసే మర్యాద. ఆ వీధి మొత్తానికీ తెలిసింది అంతే.

చుట్టం ఆ రాత్రి ఇంటికి రాలేదు.

తెల్లారి ఆవిడ అన్నం క్యారియరు పట్టుకెళ్లింది. గోడకి దూరంగా, వీపు ఆనించుకోను వీల్లేని సన్నటి బల్ల మీద అల్లుడు కూర్చుని ఉన్నాడు. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఎడమ చెంప కమిలి ఉంది. పొద్దస్తమానం ఎదుటివాళ్ల మొహాలే చూసే మనిషి, తన మొహం అత్తగారికి కనిపించకుండా గోడవైపు తిప్పుకున్నాడు.

"ఏమయింది అల్లుడుగారూ ఆ చెంపకి?"

"ఏం లేదండి."

"నిద్రపోయారా?"

"కునుకు పడితే లేపుతున్నారండి. గుర్తు తెచ్చుకోమంటున్నారు." గొంతు ఇంకా తగ్గించాడు. "నాకు నిజంగా గుర్తు లేదు అత్తయ్యా."

ఎన్నేళ్లుగానో తను తిట్టిపోస్తున్న మనిషే. ఆ ఒక్క మాటకి ఆవిడ క్యారియరు బల్ల మీద పెట్టేసి గుమ్మంవైపు నడిచింది. కానిస్టేబుల్ని అడిగితే మళ్లీ అదే పాట. "అరెస్టు కాదని నిన్ననే చెప్పాం కదమ్మా. కూర్చున్నాడు, అంతే."

దుకాణానికి తిరిగొచ్చేసరికి వకీలమ్మ ఎదురుచూస్తోంది. కోర్టులో వేసుకునే నల్లకోటు చేతులు పొట్టి చెయ్యమని ఇచ్చింది, అది పట్టుకెళ్దామని వచ్చింది. మైకత్త సంగతంతా చెప్పి, చివర్లో తనకి తాను ధైర్యం చెప్పుకుంటూ, "అరెస్టయితే చెయ్యలేదులెండి" అంది.

వకీలమ్మ మొహం మాడిపోయింది. "అయ్యో పిన్నిగారూ! చేసినా బాగుండేది."

"అదేం మాటమ్మా?"

"మనిషి స్వేచ్ఛ ఎవరూ ముట్టుకోకూడదని కాదు. చట్టం తీసుకోవచ్చు. కాని దానికో పద్ధతుంది, రాజ్యాంగంలోనే ఉంది. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. వకీలుని కలవనివ్వాలి. ఒక రోజు తిరిగేలోగా జడ్జిగారి ముందు నిలబెట్టాలి. ఆయన ఆ మనిషి ఒంటి మీద దెబ్బలున్నాయేమో చూస్తారు. అరెస్టన్న మాట పలికితే ఇవన్నీ చెయ్యాల్సొస్తుందని వాళ్లు ఆ మాట పలకరు. కూర్చోబెట్టాం అంటారు. లేచి వెళ్లిపోనివ్వకపోతే, పేరేదైనా అది నిర్బంధమే."

"అలాగా అమ్మా?" అంది మైకత్త, పక్కనున్నవాళ్లకి కూడా వినపడనంత మెల్లిగా. ఆ వీధి చరిత్రలో అది మొదటిసారి. తరవాత ఆవిడకి వచ్చిన కోపం పోలీసుల మీద సగం, తన మీద సగం. కొట్టినవాడికి దణ్ణం పెట్టి వచ్చింది కదా తను! ఊరంతా చాటింపు కూడా వేసింది కదా!

"నేను కోర్టుకి వెళ్లి అర్జీ వేస్తా. తేలేసరికి సాయంత్రమవుతుంది" అంది వకీలమ్మ కోటు తొడుక్కుంటూ. "ఈలోగా ఆయన ఒంటికి ఏమవుతుందోనని నా భయం. మీరు వెళ్లి నలుగురి ఎదుటా ఒకటే అడగండి. అరెస్టు చేశారా, లేదా?"

నలుగురి ఎదుటా అడగడానికి మైకత్తకి ఒకరు నేర్పాలా? స్టేషను బజారు మధ్యలోనే ఉంది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల బల్ల మీద అల్లుడు కనిపిస్తున్నాడు. ఆవిడ మెట్ల మీద నిలబడి ఊపిరి పీల్చింది.

"మా అల్లుణ్ణి అరెస్టు చెయ్యండి బాబో!"

బేరాలాడుతున్నవాళ్లు ఆగిపోయారు. లోపల ఫిర్యాదులకి వచ్చినవాళ్లు తలలు తిప్పారు. అత్తాఅల్లుళ్ల గొడవ ఇంత ముదిరిందా అని ఒకడు నవ్వాడు కూడా. ఇన్స్పెక్టరు గదిలోంచి బయటికొచ్చాడు.

"ఏమ్మా, పిచ్చా? లోపలికొచ్చి కూర్చో."

"కూర్చోను. మీ దగ్గర కూర్చున్నవాళ్లు లేవడం లేదు. మా అల్లుణ్ణి అరెస్టు చేశారా?"

"చెయ్యలేదని చెప్పారుగా."

"చెయ్యండి మరి! జడ్జిగారికి చూపించండి. ఆ చెంప కూడా చూపించండి."

"అరెస్టు చెయ్యడానికి అతనేం చేశాడు? సాక్షి అంతే. విచారణకి సహకరిస్తున్నాడు."

"ఏమీ చెయ్యలేదా? గట్టిగా చెప్పు నాయనా, బయటివాళ్లకి వినపడలేదు."

ఇన్స్పెక్టరు బయటికి చూశాడు. మెట్లదాకా జనం వచ్చేశారు. "ఏమీ చెయ్యలేదు" అన్నాడు పళ్లు కొరుకుతూ.

"అయితే లేవండి అల్లుడుగారూ, ఇంటికి పోదాం."

ఆయన లేవలేదు. తలెత్తి కానిస్టేబులు వైపు చూశాడు. సగం లేచి, మళ్లీ ఆగాడు. కానిస్టేబులు చెయ్యి అలవాటు కొద్దీ వెళ్లి ఆయన భుజాన్ని కిందికి నొక్కింది.

"అదిగో! ఆ చేతికి పేరు చెప్పండి!" మైకత్త అరుపుకి ఎదురు కొట్టులో గిన్నెలు మోగాయన్నారు. "అరెస్టు కాకపోతే అదేమిటి? నిమురుతున్నాడా? కంచే చేను మేస్తూ, మేత కాదు వాసన చూస్తున్నానంటుందా?"

జనంలో ఒకడు ఫోను పైకెత్తాడు. ఇంకొకడు ఎత్తాడు. కానిస్టేబులు చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది.

"సరే, వదిలేశాం. తీసుకుపో" అన్నాడు ఇన్స్పెక్టరు.

"పట్టుకోనివాణ్ణి వదిలెయ్యడమేమిటి నాయనా?" అంది ఆవిడ. లోపలికెళ్లి అల్లుడి చంకలో చెయ్యి వేసి లేపింది. వాచిన కాళ్లతో ఆయన చెప్పులు చేత పట్టుకుని నడిచాడు.

వకీలమ్మ ఊరుకోలేదు. కొట్టినదానికి జవాబు చెప్పమని కోర్టులో అడిగింది. స్టేషనునించి వచ్చిన జవాబు ఒక్క ముక్క. ఆ మనిషి మా దగ్గర ఎప్పుడూ లేడు. పోట్లాట ఇంకా నడుస్తోంది. ఒక మనిషిని రాత్రంతా నిద్ర లేకుండా కూర్చోబెట్టి, కూర్చున్నవాడే లేడంటే, ఆ చెంపని కమిల్చింది దోమా? ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా మైకత్త మిషను తొక్కే తొక్కుడికి సూదులు విరుగుతున్నాయి.

చెంప వాపు తగ్గాక అల్లుడు సెలూన్ తెరిచాడు. మొదట వచ్చినవాడు మందుల షాపువాడు. మైకత్త చెక్క గోడకి చెవి ఆనించింది, ఇవాళైనా నాలుగు మాటలాడతాడేమోనని.

కుర్చీ దులిపిన చప్పుడు వినపడింది. తరవాత వినపడాల్సిన మాట రాలేదు. దాని బదులు అల్లుడి గొంతులో ఇంకో మాట వినపడింది.

"మీకు ఇష్టమైతేనే... కూర్చోండి. మధ్యలో లేచి వెళ్లాలనిపిస్తే, వెళ్లిపోవచ్చండి. నేనేం అనను."

"సగం గడ్డంతోనా?" అని మందుల షాపువాడు పకపకా నవ్వాడు.

అల్లుడు నవ్వలేదు. "సగం గడ్డంతోనైనా సరేనండి" అన్నాడు.

గోడకి ఇవతల మైకత్త ఏదో అనబోయింది. మానేసి, గోడ అవతలికి చప్పుడు వెళ్లకుండా మిషను మెల్లిగా తొక్కింది.