పంక్తిలో వలపక్షం

జ్ఞాపకశక్తి మీద కాఫీ ఎలా పనిచేస్తుందో ఏడేళ్ళుగా పరిశోధిస్తున్నాను. ఈ ఏడేళ్ళలో నా జ్ఞాపకశక్తే తగ్గింది. ఈ నెలాఖరులోగా సిద్ధాంతగ్రంథం ఇవ్వకపోతే ఇక డాక్టరేటు రాదు.

బాపట్లలో నేను పాఠాలు చెప్పే కాలేజీ హాస్టల్లోనే ప్రయోగం పెట్టాను. నలభై మంది అమ్మాయిల్ని చీట్లు తీసి రెండు జట్లు చేశాను. ఒక జట్టుకి అసలు కాఫీ, రెండో జట్టుకి కెఫీన్ తీసేసిన కాఫీ. అరగంట తర్వాత ఇరవై మాటలు చదివించి, ఎన్ని గుర్తున్నాయో అడగాలి. కాఫీ తప్ప ఇంకే తేడా ఉండకూడదు. అందుకని అందరికీ ఒకే వయసు, ఒకే నిద్ర, తలా మూడు ఇడ్లీలు. నాలుగో ఇడ్లీ అడిగిన బిందుని తీసేసి ఇంకో పిల్లని పెట్టాను. ఫ్యాను కింద చోటు కోసం పేచీ పెట్టుకుంటే ఫ్యాన్లన్నీ ఆపించాను.

కాఫీ కలిపేది హాస్టల్ వంటావిడ లలితాంబగారు. ఏ డబ్బా పొడి ఏ జట్టుకో చెప్పాను, ఎందుకో చెప్పలేదు. పోసేవాళ్ళకి తెలియకూడదని మా శాస్త్రంలో నియమం.

ఒకటో జట్టుకి సగటున పద్నాలుగు మాటలు గుర్తున్నాయి. రెండో జట్టుకీ పద్నాలుగే.

తెనాలిలో ఉండే మా గైడు బసవేశ్వరరావుగారికి ఫోన్ చేశాను.

"తేడా లేదన్నదీ ఫలితమే నిర్మలా. రాసెయ్, సంతకం పెడతాను" అన్నారు.

సంతోషం పట్టలేక వంటింట్లోకి వెళ్ళి లలితాంబగారికి చెప్పాను.

"తేడా ఎందుకుంటుందమ్మా? రెండు డికాక్షన్లూ ఒకే గిన్నెలో కలిపేశాగా" అందావిడ.

"ఎందుకండీ?"

"ఆ రెండో పొడికి వాసనే లేదు. ఒకే వరసలో కూర్చున్న పిల్లల్లో కొందరికి మంచిది, కొందరికి నాసిరకం పోస్తామా? పంక్తిలో వలపక్షం పాపం కదూ! నువ్వు తొందర్లో చూసుకోలేదేమో అనుకున్నా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ ఇచ్చిన కాఫీ తాగాను. చాలా బాగుంది.

నోరు మూసుకుంటే డాక్టరేటు వచ్చేస్తుంది. రెండు రోజులు మూసుకున్నాను. మూడో రోజు తెనాలి వెళ్ళి సారుకి చెప్పేశాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మళ్ళీ ప్రయోగం చేసి రాయడానికి రోజుల్లేవు. ఒక్కటే దారి. వంటావిడ చెప్పినట్టు చెయ్యక ప్రయోగం పాడుచేసిందని కాలేజీకి ఫిర్యాదు ఇవ్వు. దాని నకలు దరఖాస్తుకి జతచేస్తే ఆరు నెలల గడువు ఇస్తారు."

"ఆవిడ ఉద్యోగం పోతుందండి."

"పోతుంది" అన్నారు.

గడువు దరఖాస్తులో కారణం రాయాల్సిన చోట, పోసేవారికి సరిగా చెప్పని పరిశోధకురాలిదే తప్పు అని రాసి సంతకం చేశాను. రేపల్లెలో మా ఇంటికి వెళ్ళే రైల్లో భట్టిప్రోలు దాకా ఏడ్చాను. పక్కనున్నావిడ ఎవరు పోయారని అడిగింది.

గడువు ఇవ్వలేదు.

యూనివర్సిటీ నుంచి ఆ ఉత్తరం వచ్చిన మర్నాడు లలితాంబగారు కాఫీ గ్లాసు అందిస్తూ నా మొహంలోకి చూసింది.

"నేను కలిపేసినందుకు నీ చదువుకేం ఇబ్బంది కాలేదు కదమ్మా?"

"లేదండి" అన్నాను.