ఉప్పు చూడని వంట

"రుచి చూడకు, మా మామగారికి పెట్టేది," అంది అత్తయ్య, నేనింకా గరిటె ఎత్తకముందే.

కొరియా రేవు ఊరు మొక్పోలో ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ ప్రతి తద్దినానికీ ఇదే మాట. చేప ముక్కలు గుడ్డుసొనలో ముంచి వేయించేది నేను. పోయిన పెద్దాయన పటం ముందు వంగి దండం పెట్టేది మగవాళ్లు. మా ఆయన సాంగ్చోల్ వంతు పనల్లా చెస్ట్‌నట్ కాయలు ఒలవడమే. అదీ టీవీ ముందు.

నేను సముద్రం అడుగున దొరికిన ఓడల కొయ్యను కాపాడే పని చేస్తాను. వందల ఏళ్లు బురదలో నానిన చెక్క పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపలంతా నీళ్లే. ఊరికే గాలికి వదిలేస్తే అప్పడంలా ముడుచుకుపోతుంది. అందుకని మంచినీళ్లలో ఉంచి ఉప్పు తీసేసి, లోపలి నీటి చోట మెల్లమెల్లగా మైనం ఎక్కించి, చివరికి చలిగదిలో గడ్డకట్టించి ఆరబెట్టాలి. ఒక్క చుక్కానికి ఇదంతా అయ్యేసరికి బళ్లో ఉన్న మా అమ్మాయి కాలేజీకొచ్చింది. ఆ చుక్కాని ఇవాళ మధ్యాహ్నమే బయటికొస్తుంది. పగిలిందో నిలిచిందో అప్పుడే తెలిసేది.

పొద్దున్నే మా ఆఫీసు డైరెక్టరు ఫోన్ చేశాడు. "ఇంట్లో తద్దినమట కదమ్మా, మీరు రాకపోయినా పర్లేదు. చలిగది తలుపు తీయడమేగా, మావాళ్లు తీస్తారు."

మావాళ్లట! మరి నేనెవరి దాన్నో.

"చచ్చిన చెక్కకి చేసే సేవలో సగం మాకు చేస్తేనా..." అని నవ్వాడు సాంగ్చోల్. పాత నవ్వే.

"చెక్క ఎక్కడికి పోతుందే హ్యేరాన్? మా మామగారు ఏడాదికోసారే వస్తారు," అంది అత్తయ్య.

"ఆయనొచ్చేది చీకటి పడ్డాక కదత్తయ్యా. ఆలోపు మనవడు వేయిస్తాడు." గరిటె తీసుకెళ్లి సాంగ్చోల్ చేతిలో పెట్టాను.

"నాకు రాదే!"

"పుట్టింట్లో నాకూ వచ్చేది కాదు."

పెనం మీది వేడి ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. అత్తయ్య పళ్లెం తన వైపుకు లాక్కుంది.

"చప్పగా ఉంది అత్తయ్యా," అని చెప్పి కోటు తగిలించుకున్నాను.

చలిగది తలుపు నేనే తీశాను. చుక్కాని మీద ఒక్క పగులు లేదు. వెయ్యేళ్ల కిందటి వడ్రంగి ఉలి దెబ్బలు వేలికి తగులుతున్నాయి. అలా తడుముతూనే ఉన్నాను, జేబులో ఫోన్ మోగింది.

"నిలిచిందా నీ చెక్క?" అత్తయ్య.

"నిలిచిందత్తయ్యా."

"సరే, నెమ్మదిగా రా. మీ ఆయన సగం మాడ్చాడు." గొంతు తగ్గించి అంది, "ఉప్పు మాత్రం నేను చూశాన్లే."