ఇనప్పెట్టె నేర్పిన పాస్

మాకు పెళ్లయి ఎనభై రెండు రోజులు. "మా ఆయన" అనే మాట నాకింకా కొత్తగానే ఉంది కాబట్టి అవసరం లేని చోట కూడా వాడేస్తుంటాను. కూరగాయలావిడ అల్లం ఎంత కావాలని అడిగితే, మా ఆయనకి గొంతు బొంగురుపోయిందని మొదలుపెడతాను.

మా ఆయన బాస్కెట్‌బాల్ కోచ్. అంతకుముందు తొమ్మిదేళ్లు ఆటగాడు. మోకాలు మొరాయించాక ఆడడం మానేసి, నేర్పే పనిలోకి దిగారు. ఆడే రోజుల్లో అందరూ ఆయన్ని ఇనప్పెట్టె అనేవాళ్లట. తన బలం చూసి ఆ పేరు పెట్టారని పెళ్లికి ముందు నాకు చెప్పారు. అసలు సంగతి ఆయనతో కలిసి ఆడిన స్నేహితుడు, ఇప్పుడు రిఫరీగా ఉన్నతను, మా ఇంటికి టీకి వచ్చినప్పుడు బయటపెట్టాడు.

"బంతి ఒకసారి వీడి చేతిలో పడితే ఇక బయటికి రాదమ్మా. అందుకే ఇనప్పెట్టె. తొమ్మిదేళ్లు పక్కనే పరిగెత్తాను. వీడు నాకు ఇచ్చింది ఒక్క జలుబు."

మా ఆయన టీ కప్పు కింద పెట్టారు.

"రింగు నాకు కనబడుతుంటే మధ్యలో నువ్వెందుకురా" అన్నారు.

ఆ టీ తాగింది మా వంటగదిలో. ఉన్నవి రెండే గదులు, క్లబ్బు వాళ్లవి, ఆట హాలు మీదే కట్టారు. వంటగది కిటికీ తెరిస్తే కింద కోర్టు మొత్తం కనిపిస్తుంది. రింగు వెనకాల చెక్క మా గోడకే బిగించారు కాబట్టి బంతి దానికి తగిలినప్పుడల్లా మా చెంచాలు గలగలమంటాయి. నేను కిటికీలోంచి ఉల్లిపాయ చూపిస్తే ఆయన కింద నుంచి ఒక్క వేలు చూపిస్తారు. ఒకటి చాలని అర్థం. ఇంత సుఖం ఏ మేడలో ఉంటుంది?

ఈ గదులు రాకముందు తొమ్మిది రోజులు మా బావగారింట్లో ఉన్నాం. ముందు గదిలో, టీవీకీ చెప్పుల స్టాండుకీ మధ్య, ఒక తెర కట్టుకుని. మా బావగారు చాలా మంచివారు. వార్తలు చూడ్డానికి వచ్చినప్పుడల్లా తెర బయట నిలబడి దగ్గేవారు. వార్తలు రోజుకి ఆరుసార్లు చూసేవారు.

గదులు ఉద్యోగంతో వచ్చాయి. ఉద్యోగం ఒక ఉత్తరంతో వచ్చింది. క్లబ్బు అధ్యక్షుడు స్వయంగా రాసిన ఉత్తరం: "ఈ సీజన్ ముగియులోపు మా బావమరిది ఏదేని ఒక మ్యాచ్‌లో కనీసం ఒక్క పాస్ ఇచ్చునట్లు చేయవలెను. లేనియెడల కోచ్ గదులు ఖాళీ చేయవలెను."

గెలవాలని ఎక్కడా లేదు. అధ్యక్షుడి బావమరిదికి ఇరవై ఆరేళ్లు, ఆరడుగుల పైన ఎత్తు, దానికి తగ్గ మీసం. అందరూ పిలిచే పేరు జిగురు. బంతి అతని చేతికి అంటుకుంటే ఇక రాదు. మిగతా నలుగురూ రెండు సీజన్ల నుంచీ ఉత్త పరుగులు పెట్టి పెట్టి, ఇలాగైతే జట్టు వదిలి ఈతకి పోతామని రాసిచ్చారు. జిగురుని తీసేద్దామంటే అధ్యక్షుడి భార్య ఒప్పుకోదు. ఆవిడకి ఒక్కడే తమ్ముడు. అందుకని మొత్తం భారం మా ఆయన నెత్తిన పడింది. పాస్ ఇవ్వడం ఎలాగో నేర్పడానికి ఊరంతా వెతికి ఇనప్పెట్టెని తెచ్చారు.

మా ఆయన మొదటి రోజే హాలు గోడ మీద నీలి రంగుతో "ఇచ్చేవాడే ఆటగాడు" అని రాయించారు. రిఫరీ అది చదివి, కుర్చీ ఎక్కడుందో వెతుక్కుని, కూర్చుని మరీ నవ్వాడు.

రోజూ ప్రాక్టీసులో ఇదే వరస. జిగురు బంతి పట్టుకుంటాడు, ముగ్గురి మీద నుంచి విసురుతాడు, పోగొడతాడు.

"పక్కన ఖాళీగా ఉన్నాడుగా, ఇవ్వచ్చుగా" అనేవారు మా ఆయన.

"ఇద్దామనే అనుకున్నాను సార్. ఈలోపు రింగు కనబడింది."

కోప్పడాల్సిన మా ఆయన మొహంలో జాలి కనిపించేది. సాయంత్రం నాతో అన్నారు, "వాణ్ణి ఏమంటాం చెప్పు? రింగు కనబడితే మనిషికి ఇంకేం కనబడుతుంది?"

"నేను కనబడనా?"

"నువ్వు వేరు. నువ్వు కోర్టు మీద లేవు."

నెల గడిచినా లాభం లేకపోయింది. కిటికీలోంచి రోజూ చూసేదాన్ని కాబట్టి నాకో సంగతి తట్టింది. జిగురు బంతి వేశాక జట్టులో ఎవరి వంకా చూడడు. నేరుగా మా ఆయన వంక చూస్తాడు, బాగుందా అన్నట్టు.

"ముందు మీకు ఇమ్మనండి. మీరంటే వాడికి గురి" అన్నాను.

మా ఆయన నన్ను ఎంత మెచ్చుకున్నారో ఇక్కడ రాయను. మర్నాటి నుంచి గీత అవతల నిలబడి, చేతులు చాపి, "ఇక్కడ, ఇక్కడ" అని పిలవడం మొదలుపెట్టారు. నాలుగో రోజుకి జిగురు బంతి ఇచ్చాడు. సరిగ్గా గుండెలకి. మిగతా నలుగురూ నోళ్లు తెరుచుకుని నిలబడిపోయారు. ముందు కోచ్‌కి ఇవ్వడం అలవాటైతే తర్వాత జట్టు వైపు మళ్లించవచ్చని మా ఆయన లెక్క. అలవాటైతే అయింది గానీ మళ్లించడం మాత్రం రేపు, ఎల్లుండి అంటూ సీజన్ చివరికి వచ్చేశాం. ఆఖరి మ్యాచ్ వరకూ ఏ మ్యాచ్‌లోనూ ఒక్క పాస్ లేదు. మ్యాచ్‌ల్లో కోచ్ చేతులు చాపడు కదా.

ఆఖరి మ్యాచ్‌కి నేను మా ఆయన చేత కొత్త చొక్కా వేయించాను. తెల్లది. జట్టు బనియన్లు కూడా తెల్లవే. బాగా కలిసిందని మురిసిపోయాను.

నేను పైన కిటికీలోంచి చూస్తున్నాను. ఇంకా ఎనిమిది సెకన్లు ఉన్నాయి. మా జట్టు ఒక్క పాయింటు ముందుంది. బంతి జిగురు చేతిలో ఉంది, అవతలి జట్టు వాళ్లు ముగ్గురు అతని మీద పడ్డారు. కంగారులో మా ఆయన గీత అవతల నిలబడి రెండు చేతులూ ఎత్తి, "ఇవ్వు, ఇచ్చెయ్" అన్నారు.

జిగురు ఇచ్చాడు. ఆయనకే.

బంతి గుండెలకి వచ్చి తగిలింది. తొమ్మిదేళ్ల అలవాటు అది. మా ఆయన పట్టుకున్నారు, ఎగిరారు, విసిరారు. బంతి ఎక్కడా తగలకుండా నేరుగా రింగులో పడింది. మా చెంచాలు కూడా చప్పుడు చేయలేదు.

హాలంతా లేచి నిలబడింది. ఆట తెలియని అధ్యక్షుడు పక్కవాణ్ణి కావలించుకున్నాడు. అప్పుడు రిఫరీ ఈల వేశాడు. కోచ్ ఆటలో చెయ్యి పెట్టినందుకు అవతలి వాళ్లకి ఎవరి అడ్డూ లేకుండా వేసుకునే ఒక ఫ్రీత్రో, పైగా బంతి కూడా వాళ్లదే. ఫ్రీత్రోతో సమం చేశారు, మిగిలిన సెకన్లలో ఇంకో రెండు పాయింట్లు వేసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్న అధ్యక్షుడు హాల్లోనే కుర్చీలు వేయించి విచారణ పెట్టాడు. నేను పైన వంటగదిలో చెంచాలు న్యూస్‌పేపర్లో చుడుతూ విన్నాను. టీవీకీ చెప్పుల స్టాండుకీ మధ్య మా మంచం ఎలా పట్టిందో గుర్తు తెచ్చుకుంటున్నాను.

"కోచ్‌గారి వల్లే ఓడిపోయాం" అన్నాడు అధ్యక్షుడు. "గదులు ఖాళీ చేయించాలి."

"ఉత్తరంలో గెలవాలని లేదండీ. పాస్ ఇవ్వాలని ఉంది" అన్నారు మా ఆయన, బొంగురు గొంతుతోనే.

"మరి మావాడు ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?"

అందరూ రిఫరీ వంక తిరిగారు. తొమ్మిదేళ్లు ఒక్క బంతి కోసం ఎదురుచూసిన మనిషి అతను. పగ తీర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి అదను దొరకదు. నేను చెంచా పట్టుకునే కిటికీ దగ్గరికి వెళ్లాను.

"పాసే" అన్నాడు రిఫరీ. "శుభ్రమైన పాస్. తప్పు ఇచ్చినవాడిది కాదు, పుచ్చుకున్నవాడిది. ఎవరికి ఇవ్వాలో మీరు ఉత్తరంలో రాయలేదు."

అధ్యక్షుడు ఉత్తరం అటూ ఇటూ తిప్పి చూశాడు. నిజంగానే రాయలేదు. వెనక వరసలోంచి జిగురు మెల్లగా అన్నాడు, "సారే కదా ఇమ్మన్నారు బావా."

మధ్యాహ్నానికల్లా కొత్త ఉత్తరం వచ్చింది. ఇంకో సీజన్ గడువు. పాస్ గీత లోపల ఉన్నవారికి, అందునా సొంత జట్టువారికి మాత్రమే ఇవ్వవలెను. మ్యాచ్ జరుగునంతసేపు కోచ్ చేతులు జేబులలో ఉంచుకొనవలెను. తెల్ల చొక్కా ధరించరాదు.

చెంచాలన్నీ మళ్లీ విప్పి కడిగాను. మా ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"ముందు మీకు ఇమ్మనండన్నది నేనే. చొక్కా కొన్నదీ నేనే. ఇదంతా నా వల్లే" అన్నాను.

"అదంతా సరేలే" అన్నారాయన. "నువ్వు కిటికీ దగ్గరే ఉన్నావు కదా, ఒక్కటి చెప్పు. అది రింగుకి కొంచెమైనా తగిలిందా?"

"లేదండీ."

"కొంచెం కూడా?"

"కొంచెం కూడా."

మా ఆయన తల పంకించి, నా చేతిలోని చెంచా తీసుకుని తుడిచి, డబ్బాలో పెట్టకుండా తిరిగి నాకే ఇచ్చారు.