బియ్యపు గింజంత కాపలా

గాలి విషయంలో తనకి ఒకరు చెప్పాల్సిందేమీ లేదని హరిబాబు నమ్మకం. భీమవరం అవతల రొయ్యల చెరువులు చేసే మనిషి. మబ్బు పట్టిందంటే చాలు, చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని అతని గుండె జారిపోతుంది. రొయ్యలు పైకి తేలి గట్టువారకు చేరాయంటే ఇక ఆలోచించడం ఉండదు, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా వేసేస్తాడు. గాలి ఎక్కువైందని ఏ రొయ్యా ఇంతవరకూ అతనికి ఫిర్యాదు చేయలేదు.

అలాంటివాడి ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టారు. ఇక చూసుకోండి!

మిషన్ అతని తల్లి శ్యామలాంబకి. ఆవిడ జన్మలో చుట్ట ముట్టింది లేదు గానీ, ఇంటిల్లిపాదికీ, కోతల రోజుల్లో కూలీలందరికీ ఊక పొయ్యి మీద వండి వార్చింది. ఆ పొగంతా ఊపిరితిత్తుల్లో చేరి తిష్ట వేసింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆసుపత్రిలో డాక్టర్ తబిత ఆవిడ ముక్కుకి గొట్టం పెట్టి ఇంటికి పంపుతూ, "మీట ఒకటో అంకె మీదే ఉంచాలండీ. వేలికి పెట్టే క్లిప్పులో ఆక్సిజన్ శాతం తొంభైకి కాస్త అటూ ఇటూ ఉంటే ఈవిడకి చాలు. మీ అంతట మీరు పెంచకండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. హరిబాబు "ఆయ్, అలాగేనండి" అన్నాడు. తల ఊపడంలో అతన్ని మించినవాడు లేడు.

ఒక మబ్బు మధ్యాహ్నం చెరువు మీద ఏరియేటర్లన్నీ వేయించి భోజనానికి ఇంటికొచ్చాడు. చూస్తే అమ్మ మంచం మీద కూర్చుని రొప్పుతోంది. క్లిప్పు చూశాడు. ఎనభై ఏడు! రొయ్యలకిచ్చే గాలి కన్నతల్లికి ఇవ్వకపోతే ఎందుకీ బతుకు అనుకున్నాడు. ఆ డాక్టరమ్మది మరీ పిసినారితనం అని కూడా అనుకున్నాడు. మీట పట్టుకుని చివరికంటా తిప్పేశాడు.

కాసేపటికి క్లిప్పులో తొంభై ఎనిమిది. ఆయాసం తగ్గింది. శ్యామలాంబ, "హమ్మయ్య, ప్రాణం లేచొచ్చిందిరా" అని వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. హరిబాబు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

టీ వేళకి అతని భార్య పావని అత్తగారిని లేపబోయింది. ఆవిడ లేవలేదు.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి. అత్తయ్య పలకట్లేదు."

"పడుకోనీవే. ఎన్నాళ్ళకి హాయిగా నిద్ర పట్టిందో! క్లిప్పు చూడు, తొంభై ఎనిమిది."

"క్లిప్పు సంగతి నాకెందుకండీ? మనిషిని చూడండి. ఊపిరి ఎప్పుడో ఒకటి తీస్తున్నారు, అదీ పైపైనే."

అప్పుడు చూశాడు హరిబాబు. అమ్మ ముఖం ఎర్రబడి ఉంది. భుజం పట్టి కుదిపినా మూలుగు తప్ప మాట లేదు. అమ్మని ఎత్తుకుని కారెక్కించాడు. నంబరు ఇంత బాగుండి మనిషి ఎలా పోతుంది? ఆ ప్రశ్న ఆసుపత్రి చేరేదాకా అతన్ని నమిలేసింది.

డాక్టర్ తబిత పెద్దగా అడగలేదు. రక్తపరీక్ష చేయించి, శ్యామలాంబ ముఖానికి ఊపిరికి సాయం పట్టే మాస్కు బిగించి, ఆక్సిజన్ తగ్గించాక హరిబాబు వైపు తిరిగింది.

"పెంచారు కదూ?"

"పెంచానండి. తక్కువైందని... చెరువులో అయితే..."

"చెరువు వేరండీ, అమ్మగారు వేరు. ఇలా కూర్చోండి." కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ తన మెడ మీద, దవడ మూలకి కాస్త కింద వేలుంచి చూపించింది. "తలకి పోయే పెద్ద రక్తనాళం ఇక్కడ రెండుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర, మెడకి అటొకటి, ఇటొకటి, బియ్యపు గింజంత కణాల ముద్ద ఉంటుంది. దాని సైజుకి దానికందే రక్తం చూస్తే మతిపోతుంది, ఒంట్లో మరే భాగానికీ అంత వాటా లేదు. ఎందుకంత? రుచి చూడ్డానికి! వచ్చే ప్రతి బొట్టులో ఆక్సిజన్ ఎంతుందో చూస్తూనే ఉంటుంది. తగ్గిందా, ఆ క్షణమే పక్కనున్న నరానికి చెబుతుంది. అది మెదడుకి చెబుతుంది. ఊపిరి తియ్యి, గట్టిగా తియ్యి అని."

"అందరికీ ఉంటుందాండీ?"

"మీకూ ఉంది, నాకూ ఉంది. కాకపోతే మనకి మామూలుగా ఊపిరి తీయమని ఎక్కువగా తొందరపెట్టేది లోపల పేరుకునే బొగ్గుపులుసు వాయువు. అమ్మగారికి అది ఏళ్ళ తరబడి ఎక్కువగానే ఉంది కదా, మెదడు దానికి అలవాటు పడిపోయింది. ఇక ఆ భారం చాలావరకు ఈ రెండు గింజలే మోస్తున్నాయి. మీరు ఒక్కసారిగా ఆక్సిజన్ నింపేశారు. ఇక పిలవాల్సిన పనిలేదని అవి నోరు మూసుకున్నాయి. ఇదొక్కటే కారణం కాదండీ, ఊపిరితిత్తుల్లో, రక్తంలో ఇంకా కొన్ని తేడాలొస్తాయి. కానీ ఇదీ ఒకటి."

"అంటే... కాపలావాళ్ళని నేనే నిద్రపుచ్చానండీ." హరిబాబు కళ్ళ నీళ్ళు ఆగలేదు. "పోనీ ఆక్సిజన్ మొత్తం తీసేద్దామా అండీ?"

"అయ్యో, తీసేస్తే ఇంకా ప్రమాదం! కొంచెం ఉండాలి. వాటిని మేలుకోనిచ్చేంత ఉండాలి, అంతే."

హరిబాబు మాస్కు కింద ఉన్న తల్లి మెడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ముడతలు పడ్డ ఆ చర్మం కింద ఎక్కడో ఉన్నాయి అవి. తన చెరువుల మీద జీతాలిచ్చి పెట్టుకున్న కాపలావాళ్ళు ఉన్నారు, మీటర్లు ఉన్నాయి. అయినా ఏదో ఒక రోజు ఎవరో ఒకరు కునుకు తీస్తారు. ఇవి ఆవిడ వండుతున్నా, నిద్రపోతున్నా, తనని కంటున్నా కూడా బొట్టు బొట్టూ చూస్తూనే ఉన్నాయి. ఊక పొయ్యి ముందు ఊపిరాడని రోజుల్లో ఆవిడని నిలబెట్టింది ఇవే కాబోలు. ఎవరూ వాటి పేరు కూడా ఎత్తలేదు. ఔరా, ఇంత పనితనం ఇంత చిన్న చోట ఎలా ఇమిడిందని అతనికి ఒళ్ళు గగుర్పొడిచింది. చేతులు జోడించాలనిపించింది, జోడించాడు. పక్క మంచం వాళ్ళు దేవుడికనుకున్నారు.

మర్నాటికి శ్యామలాంబ కళ్ళు తెరిచింది. మాస్కు తీసి మళ్ళీ ముక్కు గొట్టం పెట్టారు. క్లిప్పులో ఎనభై తొమ్మిది. ఆయాసం మళ్ళీ మొదలైంది. డాక్టరమ్మ వచ్చి చూసి, పరవాలేదు, ఇలాగే ఉండనివ్వండి అని చెప్పి వెళ్ళింది.

"ఒరే హరీ," అంది ఆవిడ, గోడకున్న మీట వైపు చూపిస్తూ. "అది కాస్త తిప్పరా నాన్నా. నిన్న ఎంత హాయిగా నిద్ర పట్టిందో."

అమ్మ అడిగింది కాదనడం హరిబాబు ఎరగడు. చెయ్యి దానంతటదే లేచింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"తిప్పనమ్మా."

"ఆయాసంగా ఉందిరా."

"ఉండనీ అమ్మా. ఆ ఆయాసమే నిన్ను ఊపిరి తియ్యమని పిలుస్తోంది. పలుకు." ముఖం తిప్పుకుని ఏడ్చాడు. "నన్ను ఏమైనా అను, నేను మాత్రం తిప్పను."

శ్యామలాంబకి ఒళ్ళు మండింది. కన్నకొడుకు గాలి దగ్గర కూడా పీనాసితనం చూపిస్తున్నాడు మరి! మోచేతుల మీద లేచి, గుండెల నిండా ఊపిరి ఎగబీల్చి, "నీ మొహం మండా, చెట్టంత ఎదిగావు, తల్లి బాధ తెలీదట్రా నీకు!" అంది. మాట చాలక మళ్ళీ ఎగబీల్చింది, మళ్ళీ తిట్టింది. నర్సు ఆపబోయింది.

"ఆపకండి సిస్టరు గారూ," అన్నాడు హరిబాబు కళ్ళు తుడుచుకుంటూ. "తిట్టమ్మా, ఇంకా తిట్టు."