ఉల్లిగడ్డల ముసుగు

మూసీ పొంగి అంబర్‌పేట్ వంతెన మునిగిన తర్వాత రెండో ఏడు. రాజలింగు యూనివర్సిటీ గడ్డిమైదానంలో గొంతుక్కూర్చుని కుర్పీతో తుంగ కలుపు తీస్తున్నాడు. తీయడం కాదు, పొడవడం. వేపచెట్టు కింద గోనెపట్టా మీద భార్య నర్సవ్వ పడుకుని ఉంది. తార్నాక గదిలో ఒంటరిగా వదల్లేక రోజూ ఆటోలో వెంట తెచ్చుకుంటున్నాడు. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. కళ్లు మాత్రం అతని వెంటే తిరుగుతాయి.

వరద ఏడు ఆమె తల కోసి గడ్డ తీశారు. మాట పుట్టే చోట అంటుకున్న ముక్కను ముట్టలేదనీ, దానికి ఆరు వారాలు రేడియేషన్ కరెంటు పెట్టాలనీ డాక్టరమ్మ చెప్పింది. ముఖానికి అచ్చుపోసి తెల్లని జాలీ ముసుగు చేశారు. తల కదలకుండా దాన్ని బల్లకు బిగిస్తారు. రెండో వారం తోడు వెళ్లిన బావమరిది బుచ్చిరాములు అది చూసి హడలిపోయి, అక్కను ముసుగుతో సహా ఇంటికి తెచ్చేశాడు.

"మెదడు ఉడికిపోతది బావా. కుట్లు మానినయి, అన్నం వండుతున్నది. ఇంకేంది?"

రాజలింగు ఎప్పటిలాగే కుర్పీ పట్టుకుని పనికి పోయాడు. నర్సవ్వ నవ్వి, ఆ ముసుగులో ఉల్లిగడ్డలు పోసి మేకుకు వేలాడదీసింది. తర్వాత పరీక్షలకూ పోలేదు. ఈ ఏడు గడ్డ మళ్లీ లేచింది.

మొన్న డాక్టరమ్మను అడిగాడు. "ఎవల తప్పు?"

"గడ్డ మొండి జాతిది. ముక్క మిగిలింది. కరెంటు ఆగింది. అన్నీ కలిశాయి. పూర్తిగా పెట్టించినా మళ్లీ వచ్చేదేమో, చెప్పలేను."

ఎవడి గల్లా పట్టుకుందామన్నా ఆ 'ఏమో' అడ్డమొస్తోంది.

ఇవాళ మధ్యాహ్నం బుచ్చిరాములు మైదానానికి అంబలి తెచ్చాడు.

"మాట్లాడవేంది బావా? నన్ను కొట్టరాదూ, పీడా పోతది."

"నిన్ను కొడ్తె అది లేస్తదా?"

"లేవది."

"మరి కూసోని దానికి తాపు."

బుచ్చిరాములు చెంచాతో పెట్టిన అంబలి పెదవి అంచున జారి మెడ మీదికి కారింది. ఆమె కొంగుతో తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ కారింది.

"బావా," అన్నాడు మెల్లగా.

రాజలింగు తిరగలేదు. ఇంకో తుంగ పెకలించి, వేరు తెగి సగం మట్టిలోనే ఉండిపోతే పళ్లు కొరికి, కుర్పీ విసిరేశాడు. అప్పుడు తిరిగాడు. ఆమె కళ్లు అతని వైపే ఉన్నాయి. కదలడం లేదు.

పొద్దు వాలేలోపు మట్టి చేశారు.

మర్నాడు పొద్దున్నే లేచి, తొక్కి ముక్కలు చేద్దామని ముసుగును మేకు నుంచి దించాడు. కాలెత్తాడు. కాసేపు అలాగే నిలబడి, కాలు దించి, దాన్ని మళ్లీ తగిలించి పనికి పోయాడు. గోడ మీద నర్సవ్వ ముక్కు, నర్సవ్వ గదుమ; ఆ చెంప పల్లంలో రెండు ఉల్లిగడ్డలు, ఒకదానికి పచ్చని మొలక.